ఒక్కరి కోసం వండుకోవడం ఎలా? మా అమ్మ గురించి అడుగుతున్నాను

బరంపురం అమ్మాయి
మార్చి 4, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. ఈ వేదికలో రెండేళ్ళుగా చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదటిసారి. పుట్టి పెరిగింది ఒడిశాలోని బరంపురంలో. పెళ్ళయి పద్ధెనిమిదేళ్ళుగా రాయగడలో ఉంటున్నాను. కార్తీకంలో మా నాన్నగారు పోయారు. అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. నా దగ్గరకు వచ్చేయమంటే, "ఏడాది తిరిగేదాకా ఈ ఇంట్లో దీపం పెట్టాలి" అని అక్కడే ఉండిపోయింది.

అమ్మ వంట మానేసింది. పొద్దున టీ, రెండు బిస్కెట్లు. మధ్యాహ్నం తడిపిన అటుకుల్లో పెరుగు. రాత్రి ఒక అరటిపండు, ఒక్కోరోజు అదీ లేదు. ఫోనులో అడిగితే "తిన్నానమ్మా" అంటుంది. ఏం తిన్నావంటే పిల్లల చదువుల మీదికి మాట మళ్ళిస్తుంది. కిందటి వారం చెప్పకుండా వెళ్ళాను. పొయ్యి కొత్తదానిలా మెరుస్తోంది. కందిపప్పు డబ్బా మూత తీస్తే పురుగు పట్టి ఉంది. మా అమ్మ డబ్బాలో పురుగును నా జన్మలో చూడలేదు. ఆ డబ్బా పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయాను.

కాని నెలనెలా మాసికానికి స్వయంపాకం ఇచ్చేటప్పుడు మాత్రం బియ్యం, పప్పు, కూరలు ఏరి ఏరి మూట కడుతుంది. దొండకాయ ఒక్కటి ముదిరినా తీసి పక్కన పెడుతుంది. ఇంకొకరికి ఇచ్చేదానిలో అంత శ్రద్ధ ఉన్న మనిషి తన కంచం దగ్గరకు వచ్చేసరికి ఎందుకిలా అయిపోయింది?

నాన్నగారికి ఆవ పెట్టిన పనసపొట్టు కూర అంటే ప్రాణం. మాఘం వెళ్ళేసరికి లేత పనసకాయ కోసం బజారంతా తిరిగేవారు. ఇప్పుడు కాయలు దిగుతున్నాయి. అందుకే నాకు భయంగా ఉంది. ఇలాంటి పరిస్థితి మీ ఇళ్ళలో ఎవరైనా చూశారా? ఏం చేశారు?

పర్లాకిమిడి మాస్టారు
మార్చి 4, రాత్రి 10:35

అమ్మాయీ, చదివాను. నా భార్య పోయి ఆరేళ్ళయింది. నేనూ నాలుగు నెలలు బన్ను రొట్టెల మీద బతికినవాణ్ణే. రాత్రిపూట కళ్ళు సహకరించవు, వివరంగా తర్వాత రాస్తాను. ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెప్పాలి. "ఎందుకు తినడం లేదు" అని అమ్మను అడగవద్దు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది కాదు. పిల్లలు అడిగినప్పుడల్లా ఏదో తప్పు చేసి పట్టుబడినట్టు ఉండేది. చివరకు ఫోను ఎత్తడమే తగ్గించేశాను.

గుణుపురం సిస్టర్
మార్చి 5, ఉదయం 6:15

రాత్రి డ్యూటీ దిగి చదివాను. ముందు ఆరోగ్యం సంగతి చూడండి. దుఃఖం ఆకలిని చంపేస్తుంది, నిజమే. కాని "దుఃఖంలే, కాలమే మాన్పుతుంది" అని వదిలేస్తే దాని వెనుక ఉన్న మిగతా జబ్బులు కనబడకుండా పోతాయి. అమ్మగారి బరువు తూచండి. ఆరు నెలల నుంచి ఏడాది లోపల, కారణం తెలియకుండా, ఒంటి బరువులో 5 శాతానికి మించి తగ్గితే డాక్టరుకు చూపించాలి. అరవై కిలోల మనిషికి అది మూడు కిలోలే. చీర కట్టులో మూడు కిలోలు కనబడవు.

షుగరు మాత్రలు వేసుకుంటున్నారా? సరిగా తినకుండా అవి వేసుకుంటే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. నోటిలో పుండ్లు, పళ్ళ నొప్పి, రుచి తెలియకపోవడం ఉన్నాయేమో అడగండి. నిద్ర లేకపోవడం, రోజంతా పడుకునే ఉండటం, "ఇంకా ఎందుకు బతకాలి" అన్న మాట వినబడితే మాత్రం ఆగకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

జయపురం కోడలు
మార్చి 5, మధ్యాహ్నం 2:20

నా సంగతి చెబుతాను, ఏమైనా పనికి వస్తుందేమో చూడండి.

మాది కోనసీమ. ఇరవై రెండేళ్ళ క్రితం జయపురం కోడలిగా వచ్చాను. కొబ్బరి చెట్ల మధ్య పెరిగినదాన్ని, ఈ కొండల చలి, కొత్త మనుషులు, పక్కింటి ఒడియా మాట ఒక్క ముక్క అర్థం కాదు. అన్నిటికన్నా కష్టం తిండి. మా అత్తగారు పొద్దున్నే చోడి అంబలి ఇచ్చేవారు. ఇక్కడ అందరూ తాగేదే, ఒడియావాళ్ళు మండియా అంటారు. నాకు గొంతు దిగేది కాదు. ఎవరూ చూడకుండా పెరట్లో పారబోసేదాన్ని. ఆవిడకు తెలుసు, ఏమీ అనలేదు.

వచ్చిన మూడో నెలలో జ్వరం పడ్డాను. అత్తగారు మంచం పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి వేసి, "జ్వరం వస్తే మీ అమ్మ ఏం పెడుతుందే?" అని అడిగారు. పాతచింతకాయ పచ్చడి అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు. ఆవిడ ఆ మధ్యాహ్నం ఎండలో తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఎక్కడో ఒక చిన్న గిన్నెడు పాతచింతకాయ సంపాదించుకుని వచ్చారు. వేడి అన్నంలో కలిపి ముద్దలు చేసి పెట్టారు. మా అమ్మ చేసినట్టు లేదు, మెంతులు ఎక్కువయ్యాయి. అయినా ఆ రోజు నుంచే అది నా ఇల్లు. అంబలి కూడా ఆ తర్వాతే తాగడం నేర్చుకున్నాను. ఇప్పుడు అది లేకపోతే పొద్దు గడవదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారికి ఇష్టమైన కూర గురించి రాశారు. మీ అమ్మగారికి ఇష్టమైనది ఏమిటో రాయలేదు.

సూరత్ మగ్గం
మార్చి 5, రాత్రి 11:40

అక్కా, మాది గంజాం జిల్లా. సూరత్‌లో పవర్‌లూమ్‌లో పని. పన్నెండు గంటల షిఫ్టు. మా జిల్లా నుంచి ఇక్కడ వేలమంది ఉన్నారు, గదికి పదిమంది చొప్పున. మెస్సులో అన్నం, పప్పు, బంగాళాదుంప కూర. కడుపు నిండుతుంది, తిన్నట్టు ఉండదు.

పూరీ–అహ్మదాబాద్ బండిలో ఎవరు వస్తున్నా మా అమ్మ వాళ్ళ చేత గుమ్మడి వడియాలు పంపుతుంది. గదిలో ఒడియా స్నేహితుల ఇళ్ళ నుంచి బడి వస్తుంది, అదీ మన మినప వడియమే. ఆదివారం రెండూ వేయించి అందరం పంచుకుంటాం. ఆ రోజు అందరూ ఇళ్ళకు ఫోను చేస్తారు. మా అమ్మ మొదట అడిగేది "వడియాలు మెత్తబడలేదు కదా" అని. నేను ఎలా ఉన్నానో అడగడం ఆ తర్వాత. ఆమెకు అదే ధైర్యం, నాకూ అదే. మీ అమ్మగారిని మీ కోసం ఏదైనా చేసి పంపమనండి అక్కా.

వంశధార ఒడ్డు
మార్చి 6, ఉదయం 10:05

అందరూ ఆమె చేత మళ్ళీ వండించడం ఎలా అని ఆలోచిస్తున్నారు. ఎవరికైనా కోపం వచ్చినా సరే, ఒక ప్రశ్న అడుగుతాను. నలభై అయిదేళ్ళు రోజుకు మూడు పూటలు వండిన మనిషి, ఇక వండను అంటే తప్పేమిటి? అలసిపోయి ఉండవచ్చు కదా. మా పెద్దమ్మ పెద్దనాన్న పోయాక వంట మానేసింది. అందరం దుఃఖం అనుకున్నాం. రెండేళ్ళ తర్వాత నాతో చెప్పింది: "నాకు వంట ఎప్పుడూ ఇష్టం లేదే. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." ఆమెకు ఇప్పుడు ఇంటికి క్యారేజీ వస్తుంది, హాయిగా తింటుంది. మంచి తిండి అందేలా చూడండి. ఎవరు వండారన్నది తర్వాత.

పర్లాకిమిడి మాస్టారు
మార్చి 6, సాయంత్రం 5:30

వంశధార ఒడ్డు గారు అడిగింది న్యాయమైన మాట. మగవాళ్ళం అసలే ఆలోచించని మాట. నేను అరవై మూడో ఏట గరిటె పట్టిన తర్వాత గాని నా భార్య ముప్పై తొమ్మిదేళ్ళు ఏం చేసిందో నాకు తెలియలేదు. అమ్మాయీ, అమ్మనే అడుగు. ఊహించవద్దు.

బరంపురం అమ్మాయి
మార్చి 9, రాత్రి 9:15

ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాయాలి గాని, జరిగింది జరిగినట్టు చెబుతాను.

సిస్టర్ గారూ, బరువు చూపించాను. పోయినేడు కంటి ఆపరేషన్ కాగితంలో 58 కిలోలు ఉంది, ఇప్పుడు 54. డాక్టరు గారు రక్తపరీక్షలు రాశారు. రక్తం కొంచెం తక్కువ, మిగతావి బాగానే ఉన్నాయి. షుగరు లేదు. మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు.

నిన్న రాత్రి దీపం పెట్టాక అమ్మ పక్కన కూర్చుని వంశధార ఒడ్డు గారి ప్రశ్న అడిగాను. "అమ్మా, నీకు వండటం విసుగు వచ్చిందా? చెప్పు, క్యారేజీ ఏర్పాటు చేస్తాను" అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి బియ్యం డబ్బాలోంచి కొలిచే సోల తీసుకుని వచ్చింది. మా ఇంట్లో కంచు సోల ఒకటి ఉంది, అమ్మమ్మ కాపురానికి పంపేటప్పుడు ఇచ్చినది. అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. నాన్నగారు, అమ్మ ఇద్దరే అయ్యాక రోజుకు ఒక సోల బియ్యం, తలగొట్టి పోసేది.

"వండటం బరువు కాదే. ఇది చేతిలోకి తీసుకుంటే ఎంత పోయాలో తెలియడం లేదు. సోల పోస్తే ఎక్కువ. సగానికి రెండు గిద్దలు పోస్తే అడుగున కనబడదు. ఆ ఖాళీ చూడలేక మళ్ళీ డబ్బాలో పోసేస్తున్నాను."

నాలుగు నెలలుగా తినడం లేదు, తినడం లేదు అని అమ్మ మీద కేకలు వేశాను. అమ్మ ఆగిపోయింది బియ్యం డబ్బా దగ్గరే.

జయపురం కోడలు గారూ, మీ చివరి వాక్యం నన్ను మూడు రోజులు నిద్రపోనివ్వలేదు. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, మా అమ్మకు ఏమిటి ఇష్టమో నాకు తెలియదు. అదీ అడిగాను. "నాకేమిటి ఇష్టం, అన్నీ ఇష్టమే" అంది. వదలలేదు. చిన్నప్పుడు మీ అమ్మ పెట్టినదాంట్లో ఏది ఇష్టం అని మార్చి అడిగాను. వెంటనే చెప్పింది, ఆలోచించనే లేదు: "తరవాణి అన్నం. పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ నంజుకుని."

అమ్మ పుట్టిల్లు టెక్కలి వైపు. ఎండాకాలం అక్కడ ప్రతి ఇంట్లో గంజి పులియబెట్టే తరవాణి కుండ ఉండేదట. నాన్నగారికి పులిసిన వాసన పడదు. అందుకని కాపురానికి వచ్చాక ఆ కుండ పెట్టనే లేదు. నలభై అయిదేళ్ళు!

రెండిళ్ళ పిల్ల
మార్చి 9, రాత్రి 10:50

నా పుట్టింటి భాష ఒడియా, అత్తింటి భాష తెలుగు. నా తెలుగులో తప్పులుంటే మన్నించండి. ఆ సోల గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మార్గశిరంలో మీ ఇళ్ళలో లక్ష్మివారాలు చేస్తారు కదా, మా పుట్టింట్లో దాన్ని మాణబసా అంటారు. మాణ అంటే ధాన్యం కొలిచే పాత్ర, మీ మానిక లాంటిది. దాన్ని కడిగి, బియ్యప్పిండితో ముగ్గులు వేసి, కొత్త వడ్లు నిండా పోసి, దానినే లక్ష్మి అని పూజిస్తాం. మీ అమ్మగారు ఖాళీ కొలపాత్ర చూడలేకపోవడం నాకు ఎంత అర్థమయిందో చెప్పలేను.

ఆ రోజు ఇళ్ళలో చదివే కథ ఒకటి ఉంది. అంటరాని ఇంట అడుగుపెట్టిందని లక్ష్మిని జగన్నాథుడు, బలభద్రుడు గుడిలోంచి వెళ్ళగొడతారు. ఆమె వెళ్ళిపోయాక అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్ళు అన్నం దొరకదు. చివరకు బిచ్చగాళ్ళుగా తిరిగి ఒక ఇంటికి వస్తారు. ఆ ఇల్లాలు వండి పెడుతుంది. తింటూ ఉంటే ఆ రుచి లక్ష్మి చేతిదే అని వాళ్ళకు తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నా ఆ చోటికి వచ్చేసరికి మా అమ్మ గొంతు వణికేది.

ఇంకొక సంగతి. మీ తరవాణి, మా పఖాళ అక్కచెల్లెళ్ళు. మాకు అన్నం వండి చల్లార్చి నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే పఖాళ. మా అత్తగారు మాత్రం గంజిలో బియ్యం కడిగిన నీళ్ళు పోసి కుండలో పులియబెడతారు. మా ఇంట్లో వేసవిలో రెండూ ఉంటాయి. మార్చి 20న ఒడిశా అంతటా పఖాళ దినం అని చేసుకుంటారు. మీ అమ్మగారి చుట్టుపక్కల ఒడియా ఇళ్ళు ఉంటాయి కదా? ఆ వారంలో ఏ ఇంటి తలుపు తట్టినా పఖాళ ఉంటుంది.

పర్లాకిమిడి మాస్టారు
మార్చి 10, ఉదయం 8:40

రాస్తానన్న ఉత్తరం ఇది. ఆలస్యమైనందుకు మన్నించాలి.

మీ అమ్మగారి సోల నాకు గిన్నె రూపంలో ఎదురైంది. మా ఇంట్లో చిన్నగిన్నె లేదు. ఆరుగురికి వండిన ఇల్లు. పెద్ద గిన్నెలో గుప్పెడు బియ్యం వేస్తే అడుగంటేది. మాడిన వాసనకు ఇంట్లో ఉండలేక వీధిలోకి వచ్చి నిలబడేవాణ్ణి. అందరూ చిన్న కుక్కరు కొనుక్కోమన్నారు. కొన్నాను. దాన్ని చూస్తే ఇంకా దిగులు. ఇక నీ బతుకు ఇంతే అని అది నాతో అంటున్నట్టు ఉండేది. వారం తిరక్కుండా మా పనిమనిషికి ఇచ్చేశాను.

తర్వాత ఒకరోజు ధైర్యం చేసి పాత గిన్నెలోనే సగానికి వండాను. ఎక్కువైంది. మా వీధి చివర ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు గది తీసుకుని ఉండేవారు, ఒకడు శవర పిల్లవాడు, కొండ ఊరి నుంచి వచ్చి చదువుకుంటున్నాడు. పిలిచి పెట్టాను. నా పప్పులో ఉప్పు లేదు. వాడు ఏమీ అనకుండా తిని, మర్నాడు వాళ్ళ ఊరి కందులు ఒక మూట తెచ్చి ఇచ్చాడు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెబుతూ, శవరలను ఇంట్లో ఉంచుకుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. నేను జీవితమంతా తరగతిలో ఆయన గురించి చెప్పాను. శవర పిల్లవాడికి నా చేత్తో అన్నం పెట్టింది మాత్రం అదే మొదలు.

కాబట్టి నా సలహా ఇది, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. కొలత తగ్గించవద్దు. సోల సోలగానే ఉండనివ్వండి. రెండో సగం తినే మనిషిని చూడండి. డబ్బు ఇచ్చి కాదు, దానంగానూ కాదు. ఇరుగుపొరుగులో ఎవరో ఒకరు ఉంటారు.

వంశధార ఒడ్డు
మార్చి 10, మధ్యాహ్నం 12:30

ఆ సోల మాట చదివి కళ్ళనీళ్ళు వచ్చాయి. నేను అనుకున్నది ఈ అమ్మ విషయంలో నిజం కాదు, ఒప్పుకుంటున్నాను. అయినా మాస్టారూ, ఆ రెండో సగం తినే మనిషి మళ్ళీ ఆమె చేత చాకిరీ చేయించుకునే మనిషి కాకూడదు. వాళ్ళ ఇంటి నుంచి కూడా ఏదో ఒకటి రావాలి.

బరంపురం అమ్మాయి
మార్చి 23, రాత్రి 8:30

వెళ్ళి నాలుగు రోజులు ఉండి వచ్చాను. బజారులో మట్టికుండ కొన్నాను. అమ్మ దాన్ని చూసి "ఇప్పుడెందుకే ఇవన్నీ" అంటూనే చేత్తో తట్టి చూసింది. "ఇది ఓటిది, మార్చుకుని రా" అంది. మార్చుకుని వచ్చాను. కుండ కడిగి ఎండబెట్టి, గంజి పోసి, మూతికి గుడ్డ కట్టి ఒక మూలన పెట్టింది. గంజి కావాలంటే అన్నం వార్చాలి. అన్నం వార్చాలంటే సోల ముంచాలి. నేను ఏమీ మాట్లాడకుండా కూరగాయలు తరుగుతూ కూర్చున్నాను. సోల నిండా పోసి, కొంచెం ఆగి, తలగొట్టింది.

20వ తేదీన పక్కింటి మావుసి వచ్చింది. ఒడియావాళ్ళు, మావుసి అంటే పిన్ని. పదిహేనేళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాం, పండగలకు పలకరింపులే తప్ప రాకపోకలు తక్కువ. పఖాళ దినమని ఒక గిన్నెలో పఖాళ తెచ్చింది. పైన పెరుగు, అల్లం, నిమ్మాకు తుంపి వేసింది. పక్కన బడి చూరా, అంటే వేయించిన బడిని వెల్లుల్లి, మిరపకాయతో నలిపి ఆవనూనె చుక్క వేసినది. అమ్మ ఆ గిన్నె దగ్గరకు తీసుకుని వాసన చూసింది. నాకు తెలిసి వాసన చూడటం అమ్మకు అలవాటు లేదు, మడి మనిషి. "మా అమ్మ కుండ వాసన" అంది. అక్కడే గడప మీద కూర్చుని గిన్నె ఖాళీ చేసింది. మావుసి నిలబడే ఉంది, ఒడియాలో ఏదో అంటూ నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె అత్తగారు కిందటేడు పోయారట. మాకు తెలియనే తెలియదు.

పరాయి ఇంటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు కదా. అమ్మ మర్నాడు అందులో ముద్దపప్పు, బెండకాయ పులుసు పోసి పంపింది. ఆ గిన్నె ఈ మూడు రోజుల్లో నాలుగుసార్లు గోడ దాటింది.

రెండిళ్ళ పిల్ల
మార్చి 23, రాత్రి 9:05

ఇంకా తిరుగుతూనే ఉండాలి ఆ గిన్నె.

గుణుపురం సిస్టర్
మార్చి 24, ఉదయం 7:00

చాలా సంతోషం. పులియబెట్టిన అన్నం మంచిదే, కాని దానితోపాటు పప్పో గుడ్డో పెరుగో తప్పకుండా ఉండాలి. ఐరన్ మాత్రలు టీతో కలిపి వేసుకోవద్దని చెప్పండి, టీ వాటిని ఒంటికి పట్టనివ్వదు. ఎండలు ముదిరితే కుండ నీళ్ళు రోజూ చూసుకోవాలి. వాసన తేడాగా ఉంటే పారబోయాలి. నెలకోసారి బరువు తూచండి.

జయపురం కోడలు
ఏప్రిల్ 1, మధ్యాహ్నం 3:10

మొన్న ఉగాది కదా, మీ ఇంట్లో ఏటి సూతకం అని గుర్తుకు వచ్చింది. అమ్మగారు ఏం చేశారు?

బరంపురం అమ్మాయి
ఏప్రిల్ 1, రాత్రి 9:40

అడిగినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. మా ఇంట్లో ఏడాది దాకా పండగ వంటలు చేయరు, ఊరగాయ పెట్టరు. ఆ రోజు అమ్మ తలుపు దగ్గరగా వేసుకుని కూర్చుందట. వీధిలోని తెలుగు ఇళ్ళ నుంచి ముగ్గురు వచ్చారు. ఒకరు పచ్చడి, ఒకరు బొబ్బట్లు, ఒకరు పులిహోర. ఆవకాయ పెట్టే రోజుల్లో మీ జాడీ కూడా మేమే నింపుతాం అని చెప్పి వెళ్ళారట. మన ఆచారంలో ఆ ఏర్పాటు ఎవరు పెట్టారో గాని, ఎంత ఆలోచించి పెట్టారో! వండవద్దు అన్నారు, కాని తినకుండా ఉండనివ్వలేదు. ఇన్నేళ్ళు సూతకం అంటే నిషేధం అనుకున్నాను. ఆ ఏడాది ఆ ఇంటి పండగ పొరుగువాళ్ళ బాధ్యత అని నాకు ఇప్పుడే తెలిసింది.

పర్లాకిమిడి మాస్టారు
ఏప్రిల్ 2, ఉదయం 9:00

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా నాన్నగారు పదేళ్ళవారు. రాత్రికి రాత్రి మద్రాసు రాష్ట్రం నుంచి ఇటు వచ్చాం. పొలాలు అటు, ఇల్లు ఇటు అయినవాళ్ళు ఎందరో. ఆ సంవత్సరం కూడా మా నాయనమ్మ పక్క ఒడియా ఇంటికి అరిసెలు పంపిందట, వాళ్ళూ అరిసా పిఠా పంపారట. రెండూ బియ్యప్పిండి, బెల్లం పాకమే. నిన్న తారీఖు చూసి గుర్తుకు వచ్చింది.

బరంపురం అమ్మాయి
ఏప్రిల్ 16, రాత్రి 10:20

బరువు 55. మొన్న 14న ఒడియా సంవత్సరాది, మావుసి మారేడు పండు గుజ్జుతో పణా చేసి తెచ్చింది. బెల్లం, మిరియాలు, అరటిపండు, విరిగిన పాల ఛెన్నా కలిపినది. అమ్మకు మిరియం ఘాటు నచ్చింది.

ఒకటి మాత్రం జరగలేదు. మావుసి వాళ్ళ పెరటి నుంచి లేత పనసకాయ తెచ్చి ఇచ్చింది. అమ్మ దాన్ని రెండు రోజులు వంటింటి గట్టు మీద ఉంచి, మూడో రోజు ఎవరికో ఇచ్చేసింది. నేను ఏమీ అనలేదు. మాస్టారు మొదటి రోజు చెప్పిన మాట గుర్తుంది.

సూరత్ మగ్గం
ఏప్రిల్ 17, రాత్రి 12:15

అక్కా, ఆ కూర మీరు చేయండి. అమ్మను అడిగి చేయండి.

బరంపురం అమ్మాయి
మే 11, సాయంత్రం 6:45

తమ్ముడు చెప్పినట్టే చేశాను. రాయగడలో ముదిరిన కాయలే మిగిలాయి, అదృష్టం కొద్దీ ఒక సంతలో ఒక లేత కాయ దొరికింది. అమ్మకు ఫోను చేసి, "పనసపొట్టు కొడుతున్నాను, ఎలాగో చెప్పు" అన్నాను. అటువైపు నిశ్శబ్దం. పెట్టేస్తుందేమో అనుకున్నాను. "చేతికి నూనె రాసుకున్నావా?" అంది.

ఫోను గట్టు మీద పెట్టి కొట్టడం మొదలుపెట్టాను. పనస పాలు కత్తికి అంటుకుని చెయ్యి సాగడం లేదు. అమ్మ ఆ చప్పుడు వింటోంది. "కత్తికి కూడా రాయి. ఇంకా సన్నగా కొట్టాలి. ముక్క పడుతున్న చప్పుడు వస్తోంది, పొట్టు అయితే ఆ చప్పుడు రాదు." రెండు వందల కిలోమీటర్ల అవతల నుంచి, చెవితో! పసుపు వేసి ఉడికించి, నీళ్ళు పిండేసి, చింతపండు గుజ్జు పోసి, పోపు పెట్టేటప్పుడు "శనగపప్పు ఎర్రబడిందా? మిరపకాయ ఇప్పుడు వెయ్యి" అంది. చిటపటలు వినబడ్డాక "ఆ" అంది, నాన్నగారు విస్తరి ముందు కూర్చుంటే అనే "ఆ".

ఆవ దగ్గర నేను తొందరపడ్డాను. "దించావా? పొయ్యి మీద వేస్తే చేదెక్కుతుంది. దించి, గోరువెచ్చన అయ్యాక కలుపు. పచ్చి నువ్వుల నూనె ఒక చెంచా." ఆవలో అల్లం వేయాలా అని అడిగాను. "మీ నాన్నగారికి అల్లం పడదు" అంది. తర్వాత తనే, "నాకు ఇష్టం. వెయ్యి" అంది.

అల్లం వేసి చేశాను. నాన్నగారు తిన్న కూర కాదు అది. నా పిల్లలు రెండోసారి వడ్డించుకున్నారు. అమ్మ ఫోను పెట్టలేదు, మేము తినేదాకా అలా వింటూనే ఉంది.

రెండిళ్ళ పిల్ల
మే 11, రాత్రి 9:30

మా ఒడియా ఇళ్ళలో ఆవ పెట్టిన కూరను బేసర అంటాం. అందులో ఆవాలతోపాటు వెల్లుల్లి, జీలకర్ర నూరతాం. పులుపుకు చింతపండు కాదు, ఆంబుల. మీ మామిడి ఒరుగులే అవి. మీ మావుసికి చెప్పి ఒకసారి చేయించుకోండి. అమ్మగారి ఆవ కొలత చెప్పగలరా?

బరంపురం అమ్మాయి
జూన్ 16, రాత్రి 9:00

ఆలస్యానికి క్షమించండి, బడులు తెరిచారు. అమ్మ చెప్పిన కొలత: నాలుగు గుప్పెళ్ళ పొట్టుకు రెండు చెంచాల ఆవాలు, మూడు ఎండుమిరపకాయలు, ఉప్పు, చిన్న అల్లం ముక్క. నీళ్ళు చిలకరించి నూరాలి, పొడిగా నూరితే ఘాటు రాదట.

నిన్న బరంపురం వెళ్ళి ఇప్పుడే తిరిగి వచ్చాను. అక్కడ ఒడియావాళ్ళ రజో పండగ. మావుసి ఇంటి నుంచి పోడ పిఠా వచ్చింది, అడుగు మాడ్చి కాల్చిన తీయని రొట్టె. బరువు 56. గట్టు మీద మావి కాని గిన్నెలు మూడు ఉన్నాయి. ఒకటి మావుసిది. రెండోది ఎవరిదని అడిగితే, వీధి చివర కొత్తగా వచ్చిన బ్యాంకు అమ్మాయిది అంది. అత్తవారిది తెలంగాణట, ఇక్కడ ఎవరూ తెలియదట. మూడోది గుర్తుకు రాలేదు. బోర్లించి అడుగున చూసింది, పేరు లేదు. "ఎవరిదైతేనేం, ఖాళీగా ఉంచకూడదు" అని పొయ్యి వెలిగించింది.

పర్లాకిమిడి మాస్టారు
జూన్ 17, ఉదయం 7:50

అమ్మాయీ, ఆ ఆవ కొలతలో చింతపండు ఎంతో రాయలేదు. ఇవాళ మా కుర్రాళ్ళు భోజనానికి వస్తున్నారు. అమ్మను అడిగి చెప్పు.

బరంపురం అమ్మాయి
జూన్ 17, ఉదయం 8:20

అడిగాను మాస్టారూ. పెద్ద ఉసిరికాయంత. అమ్మ ఇంకొక మాట చెప్పమంది: ముందు ఉప్పు చూసుకోమని.